తవుడిచ్చి కొన్న తీగ

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. ఆవలించేవాళ్ళు ఆవలించండి, నేనేమీ అనుకోను. ఈ కథ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. చెప్పనంటే మీరు ఊరుకోరు గదా, అందుకని చెబుతున్నాను.

అనగనగా ఒక కొండదారి. ఎప్పటి మాటంటే, మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పేనాటికే పాతబడిపోయిన మాట. ఆ దారి మొదట్లో దొప్పలవలస అని ఒక పల్లె. పల్లె వెనక మూడు కొండలు. ముందు కొండ, నడిమి కొండ, వెనక కొండ. మూడు కొండల మీదా అడ్డతీగలు. చెట్టు చిటారుకొమ్మ దాకా పాకే తీగలవి. వాటి ఆకు మీ రెండు అరచేతులూ కలిపి చాపినంత ఉంటుంది. నాలుగాకులు పరిచి వెదురుపుల్లతో కుడితే విస్తరి. రెండాకులు మడిచి కుడితే దొప్ప. పల్లెలో అందరికీ అదే పని, అదే కూడు.

ఆకు కోసం మూడు రకాల జనం వచ్చేవాళ్ళు. బళ్ళ మీద వర్తకులు వచ్చేవాళ్ళు. ఉప్పు పైకి తోలుకెళ్ళి చింతపండు కిందికి తెచ్చేవాళ్ళు. ఆ చింతపండు కట్టడానికి వాళ్ళకి ఆకు కావాలి. యాత్రకెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళు. అన్నం తినడానికి వాళ్ళకి ఆకు కావాలి. పొరుగూరి వీధిబడి పంతులు వచ్చేవాడు. బడిపాక మీద కప్పడానికి ఆయనకి ఆకు కావాలి.

ఆ పల్లెలో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. గొప్పమనిషేమీ కాదు. చక్కగా కుడుతుందని కూడా ఆవిణ్ణి ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. పొద్దున్నే కొండెక్కేది. చెట్టెక్కేది. ఒక్కొక్క ఆకే తుంచేది. మోపు నెత్తిన పెట్టుకుని దిగేది. మర్నాడు మళ్ళీ కొండెక్కేది. నలభై ఏళ్ళు అలాగే ఎక్కింది. చెబుతుంటేనే నాకు ఆయాసమొస్తోంది, ఆవిడ ఎలా ఎక్కిందో మరి.

ఒకరోజు మోకాళ్ళు మొరాయించాయి. చెట్టు కింద నిలబడి పైకి చూసింది. ఎక్కబుద్ధి కాలేదు. నడుముకున్న కత్తి తీసింది. "ఈ ఒక్కసారికే" అనుకుంది. తీగని మొదట్లో నరికి చేత్తో గుంజింది. తీగంతా జలజలా కిందికొచ్చేసింది. ఎంత ఆకు! నాలుగు రోజుల ఆకు నాలుగు నిమిషాల్లో ఒళ్ళో పడింది.

పక్కవాళ్ళు చూశారు. "అదేదో బాగానే ఉందే" అన్నారు. "ఈ ఒక్కసారికే" అని వాళ్ళూ నరికారు. వాళ్ళని చూసి వేరేవాళ్ళు నరికారు. ఎక్కడం పోయింది, నరకడం వచ్చింది. ముందు కొండ మీద తీగలు అయిపోయాయి. సరే, నడిమి కొండకి వెళ్ళారు. నడిమి కొండ మీద తీగలు అయిపోయాయి. సరే, వెనక కొండకి వెళ్ళారు.

తవిటమ్మకి భయం పట్టుకుంది. "నరక్కండర్రా, తుంచండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"నేర్పింది నువ్వే గదప్పా" అన్నారు అందరూ.

తవిటమ్మ ఇంటికొచ్చేసింది. ఆ మాట ఆవిణ్ణి ఎంత బాధపెట్టిందో ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ కత్తి మాత్రం పట్టలేదు.

అలా అలా వెనక కొండ మీద కూడా ఒక్క తీగ మిగిలింది. అది తల్లితీగ. ఏడు చెట్ల మీద పరుచుకుని ఉండేది. కాయ కాసేది అదొక్కటే, గింజ రాలేది దాని కిందే. అది పోతే మూడు కొండల మీదా మళ్ళీ తీగ మొలవదు. ఆకు లేకపోతే దొప్పలవలసలో ఎవరికీ పనిలేదు. మూటా ముల్లే సర్దుకుని తలో దారీ పట్టాల్సిందే.

ఆ ఏడు వానలు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. మూడు రకాల జనమూ ఒక్కరోజే దిగారు. తల్లితీగ నరికి తలా కొంచెం పంచుకుందామని మాట్లాడుకున్నారు. పల్లెవాళ్ళు కూడా సరేనన్నారు. ఇళ్ళల్లో తిండిగింజల్లేవు పాపం.

తవిటమ్మ కాళ్ళీడ్చుకుంటూ బళ్ళ దగ్గరికి వెళ్ళింది. వర్తకుల పెద్ద సూరిశెట్టి ఎడ్లకి నీళ్ళు పెడుతున్నాడు.

"శెట్టి బావూ, ఆ తీగ ఒగ్గేయండి. అది పోతే ఇత్తనం కూడా ఉండదు."

"ఒగ్గేత్తే నా చింతపండేటవుద్ది తవిటమ్మా? వాన మీదికొచ్చేత్తంది. ఈ ఒక్కసారికే. పైయేడు సూద్దాం."

"గోనెల్లో కట్టుకోవచ్చు గదా?"

"గోనెలు మళ్ళీ ఎనక్కి మోసుకురావాలి. ఎవుడు మోత్తాడు?"

తవిటమ్మ కాళ్ళీడ్చుకుంటూ యాత్రవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళలో పెద్దావిడ పొయ్యి రాజేస్తోంది.

"అమ్మా, ఆ తీగ ఒగ్గేయండి. మీకాడ గిన్నెలున్నాయి గదా?"

"ఉన్నాయి. తింటే తోముకోవద్దూ? ఆకైతే అవతల పారేసి పోతాం. అయినా మేము రేపు వెళ్ళిపోయేవాళ్ళం, మళ్ళీ ఈ దారిన వస్తామో రామో. ఈ ఒక్కసారికే."

తవిటమ్మ కాళ్ళీడ్చుకుంటూ పంతులు దగ్గరికి వెళ్ళింది. పంతులు మంచివాడే. బడిపిల్లలందరినీ వరసగా నిలబెట్టి తీసుకొచ్చాడు, ఆకు మోయడానికి.

"పంతులు బావూ, ఆ తీగ ఒగ్గేయండి. మీ ఊళ్ళో తాటాకుంది గదా?"

"తాటాకు కొట్టి, ఎండబెట్టి, కట్టేసరికి నెల పడుతుందమ్మా. ఈలోగా పిల్లలు తడిసిపోతారు. ఈ ఒక్కసారికే."

"ఈ ఒక్కసారికే!" అని పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు అరిచారు.

తవిటమ్మ ఎవరితోనూ దెబ్బలాడలేదు. దెబ్బలాడే ఓపిక లేదు. వెనక కొండెక్కింది. కూర్చుంటూ, లేస్తూ, దేకుతూ ఎక్కింది. తల్లితీగ మొదట్లో చతికిలబడింది.

కాసేపటికి అందరూ వచ్చారు. వర్తకులొచ్చారు, యాత్రవాళ్ళొచ్చారు, బడిపిల్లలొచ్చారు. వెనకాలే పల్లెవాళ్ళొచ్చారు. సూరిశెట్టి చేతిలో గొడ్డలి ఉంది.

"లే తవిటమ్మా."

"లెగలేను బావూ."

"లెగలేవా, లెగవా?"

"రెండూను."

శెట్టికి చిరాకేసింది. "ఈ తీగ నీదా?"

"నాది కాదు."

"రాజుగోరిదా?"

"కాదు."

"మరెవురిది?"

"ఎవురిదీ కాదు."

"ఎవురిదీ కాకపోతే ఎవురైనా కోసుకుంటారు. ఎవురిదైనా అయితే సెప్పు, ఆళ్ళనే అడుగుతాం. మేం దొంగలం కాదు."

నిజమే, వాళ్ళు దొంగలు కాదు. ఒకరి పెరట్లో కరివేపాకు రెబ్బ కూడా అడక్కుండా తుంచేవాళ్ళు కాదు. తవిటమ్మ ఆ మాట పట్టుకుని ఆలోచించింది. గుంపులో పక్కింటి గున్నమ్మ కనబడింది. గున్నమ్మ చేతిలో కూడా కత్తి ఉంది. కడుపుతో ఉంది, అయిదో నెల.

"ఒలే గున్నమ్మా, మీ ఇంట తవుడుందేటి?"

"ఉందప్పా. ఎందుకే?"

"సేటడు అట్టుకురా."

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. గున్నమ్మ మొగుడు పరిగెత్తి చేటతో తవుడు తెచ్చి పెళ్ళాం చేతికిచ్చాడు.

ఇక్కడ కాస్త ఆగి మీకో సంగతి చెప్పాలి. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డని తల్లి తన దగ్గర ఉంచుకోదు. నా చేతిలో దక్కడం లేదని పొరుగావిడకి అమ్మేస్తుంది. ఆవిడ చేటడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. ఇక ఆ బిడ్డ కొన్నావిడదే. పెంచడం కన్నతల్లే పెంచినా బిడ్డ మాత్రం పరాయిది. తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డ జోలికి చావు కూడా రాదని నమ్మకం. అలా బతికిన ఆడపిల్ల తవిటమ్మ, మగపిల్లాడు తవిటయ్య.

తవిటమ్మ తీగ పట్టుకుని లేచి నిలబడింది.

"అందరూ ఇనండి. మొదటి తీగ నరికింది నానే. మోకాళ్ళు నొప్పని నరికాను. నన్ను సూసి మీరు నరికారు. నా సేతిలో తీగ దక్కట్లేదు. బిడ్డ దక్కని తల్లి ఏటి సేత్తాది? నానూ అదే సేత్తన్నాను. ఈ తీగని అమ్మేత్తన్నాను. కొనేది గున్నమ్మ కాదు, గున్నమ్మ కడుపులోది."

కొంగు చాపింది. గున్నమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత కత్తి కింద పెట్టి, తవుడు ఆ కొంగులో పోసింది.

"తవుడు ముట్టింది" అంది తవిటమ్మ. "ఇది ఇంక ఆ బిడ్డది. కొయ్యాలంటే ఆ బిడ్డనడగండి."

అందరూ నవ్వారు. యాత్రవాళ్ళు నవ్వారు. బడిపిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. "పుట్టనిదాన్ని ఎలా అడుగుతామమ్మా?" అన్నాడు పంతులు.

"పుట్టేదాకా ఆగండి. మాటలొచ్చేదాకా ఆగండి."

సూరిశెట్టి కూడా నవ్వాడు. నవ్వుతూనే గొడ్డలి ఎత్తాడు. ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉండిపోయింది.

శెట్టికి ముగ్గురు బిడ్డలు పోయారు. నాలుగోవాడు దక్కాడు. వాడి పేరు తవిటయ్య. చేటడు తవుడుకి అమ్మితే దక్కాడు. ఇప్పుడు ఈ తవుడు ఉత్తిదంటే, ఆ తవుడూ ఉత్తిదే. ఈ బేరం చెల్లదంటే, ఆ బేరమూ చెల్లదు. ఇంటి దగ్గర వాకిట్లో ఆడుకుంటున్న కొడుకు కళ్ళముందు కనబడ్డాడు.

మెల్లిగా గొడ్డలి దించాడు. "తవుడు ముట్టేసింది గదరా. పరాయి సొత్తు మనకెందుకు? పదండి" అన్నాడు.

పెద్దవాడు దించాక ఇంకెవరెత్తుతారు? అందరూ కొండ దిగారు. గొణుక్కుంటూనే దిగారు. శెట్టి గోనెలు తెప్పించి చింతపండు కట్టించాడు. యాత్రవాళ్ళు గిన్నెల్లో తిని, విసుక్కుంటూ తోముకున్నారు. పంతులు తాటాకు కప్పించేదాకా పిల్లలు ఓ ఇంటి అరుగు మీద చదువుకున్నారు. ఎవరూ చచ్చిపోలేదు.

కష్టమంతా పల్లెవాళ్ళది. ఆకు పని పోయి కొండగడ్డితో చీపుళ్ళు కట్టి, సగం కడుపుతో బతికారు. తవిటమ్మని తిట్టినవాళ్ళూ ఉన్నారు. తిట్టిన ప్రతివాడికీ ఆవిడ "నిజమే నాయనా" అనేది.

బేరమైతే అయింది గానీ తవిటమ్మకి నమ్మకం లేదు. మళ్ళీ ఎవరో "ఈ ఒక్కసారికే" అంటారని భయం. తెల్లారితే కొండెక్కి తీగ మొదట్లో కూర్చునేది, పొద్దు గూకితే దిగేది. వానాకాలం అలాగే కూర్చుంది. గున్నమ్మకి ఆడపిల్ల పుట్టింది. చలికాలం అలాగే కూర్చుంది. పిల్ల బోర్లాపడింది. ఎండాకాలం అలాగే కూర్చుంది. పిల్ల పాకుతోంది. కాస్త నడుం వాల్చమని గున్నమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. "నాను తొంగుంటే తీగెవురు సూత్తారే?" అనేది.

ఒకరోజు పొద్దున్న వర్తకుల బళ్ళు కొండ మీదుగా పోతున్నాయి. తీగకి ఆనుకుని కూర్చున్న తవిటమ్మ కనబడింది. "ఏటి తవిటమ్మా" అని పలకరించి పోయారు. కాసేపటికి యాత్రవాళ్ళొచ్చారు. కూర్చునే ఉంది. దణ్ణం పెట్టి పోయారు. ఆ తర్వాత అడ్డపిక్కలు, అంటే ఆ తీగ గింజలు, ఏరుకోవడానికి బడిపిల్లలొచ్చారు. కూర్చునే ఉంది. ఆకు జోలికి పోకుండా, కింద రాలిన పిక్కలు మాత్రం ఏరుకుని పోయారు.

మధ్యాహ్నం గున్నమ్మ అంబలి తెచ్చింది. భుజమ్మీద చెయ్యి వేసింది. ఒళ్ళు చల్లగా ఉంది. తవిటమ్మ ఎప్పుడో పొద్దున్నే పోయింది. పోయి కూడా మధ్యాహ్నం దాకా తీగని కాసింది. గున్నమ్మ అంబలి ముంత అక్కడే పడేసి బావురుమంది. తిట్టినవాళ్ళందరూ వచ్చి ఏడ్చారు. అక్కడే, ఆ తీగ పక్కనే, గొయ్యి తీసి పడుకోబెట్టారు.

కాపలా లేదు గదా, మరి తీగ నరికారా అంటారా? నరకలేదు. పిల్లకి మాటలొచ్చేదాకా ఆగారు. మూడో ఏడు సూరిశెట్టి స్వయంగా వచ్చి, ఆ పిల్ల ముందు కూర్చుని, "తల్లీ, నీ తీగ కొయ్యమంటావా?" అని అడిగాడు.

పిల్ల "ఒద్దు" అంది.

మూడేళ్ళ పిల్లని ఏమడిగినా అనే మాట అదే గదా. తెలిసి అందో తెలియక అందో, శెట్టి లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి తల్లితీగ గింజ రాలి వెనక కొండంతా మోకాలెత్తు మొలకలొచ్చాయి. తర్వాత నడిమి కొండకి పాకాయి. ఆ తర్వాత ముందు కొండకి. పల్లెవాళ్ళు మళ్ళీ చెట్లెక్కి, ఒక్కొక్క ఆకే తుంచి కుట్టుకుని బతికారు.

ఇప్పటికీ ఆ దారిన పోయే వర్తకులు గోనెలు వెనక్కి మోసుకొస్తారు. యాత్రవాళ్ళు మూటలో ఒక గిన్నె పెట్టుకుంటారు. బడిపాక మీద తాటాకే ఉంటుంది. ఎవరైనా అక్కర్లేకుండా దేనికైనా చెయ్యి చాపితే, చిన్నపిల్లలు కూడా "తవుడిచ్చావేటి?" అని అడుగుతారు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందే.

ఆ పల్లెలో ఎవరైనా కడుపుతో ఉంటే, అయిదో నెలలో చేటడు తవుడు పట్టుకుని కొండెక్కుతుంది. ఒక తీగ చూసుకుని, దాని మొదట్లో తవుడు పోస్తుంది. కడుపులోని బిడ్డకి మాటలొచ్చేదాకా ఆ తీగ ఆకు ఎవరూ ముట్టుకోరు. తవుడు పోశాక ఆవిడ తల్లితీగ పక్కనున్న తవిటమ్మ మట్టిదిబ్బ దగ్గరికెళ్ళి, దాని మీద చెయ్యి వేసి, పసిదాన్ని జోకొట్టినట్టు మూడుసార్లు తడుతుంది.

"అప్పా, తీగ అమ్ముడైపోయింది. మేం సూసుకుంటాం. నువ్వింక తొంగోయే" అంటుంది.