చెంచురామయ్య గది చల్లబడిన వైనం

ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో చెంచురామయ్య అనే రిటైరైన లైన్‌మన్ ఉండేవాడు. ఎవరేం చెప్పబోయినా సగంలోనే "తెలుసులే" అని లేచిపోవడం ఆయనకున్న జబ్బు.

ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కి దిగాడు కాబట్టి లోకంలో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఒకసారి భార్య కోటమ్మ "ఏవండీ, పొయ్యి మీద పాలు..." అనబోయింది. "తెలుసులే" అన్నాడు. పాలు పొంగి గట్టంతా పారాయి. అది కూడా ముందే తెలిసినట్టు చూశాడు తప్ప గుడ్డ తెచ్చి తుడవలేదు. ముప్పై రెండేళ్ళుగా కోటమ్మ సగం సగం మాటలతోనే కాపురం నెట్టుకొస్తోంది. మిగతా సగాలన్నీ ఆమె గొంతులోనే ఉండిపోయాయి.

ఆ ఏడు వాళ్ళ కూతురు ప్రసూన తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఏప్రిల్ నెలాఖరులో ఆడపిల్ల పుట్టింది. తల్లినీ పిల్లనీ పడమటి గదిలో పెట్టారు. ముందు గదిలో వచ్చేపోయే జనం, వెనక వంటిల్లు, ఇక ఉన్నది ఆ గది ఒక్కటే. మధ్యాహ్నం రెండు దాటితే ఎండంతా ఆ గది కిటికీ మీదే పడేది. పైన డాబా కాలిపోయేది. సాయంత్రం ఆరింటికి కూడా గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది.

మూడో నెల వచ్చేదాకా కూతుర్నీ మనవరాలినీ తన దగ్గరే ఉంచుకోవాలని కోటమ్మ ఆశ. చీరాల నుంచి వియ్యపురాలు సీతారావమ్మ ఫోన్ చేసి ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది.

"ఆ ఎండల్లో పసిదాన్ని ఎట్లా ఉంచుతారు వదినగారూ? ఈ వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వచ్చి చూస్తా. పిల్ల ఒళ్ళు పేలి ఉందంటే మాత్రం ఇద్దర్నీ కార్లో ఎక్కించుకుపోతా. తర్వాత మీరేమీ అనుకోకూడదు."

ఆ సాయంత్రమే ఎదురింటి మస్తాన్‌బీ పిల్లకు జుబ్బాలు కుట్టి తెచ్చింది. ఆమె దర్జీ పని చేసేది. రోజంతా కుట్టుమిషను ముందే కూర్చునేది. ఆమెదీ డాబా ఇల్లే, ఆ ఎండే ఆమె ఇంటి మీదా పడేది. అయినా ఆమె ఇంట్లో కాలు పెడితే ప్రాణం లేచొచ్చేది. సంగతి విని ఆమె చెంచురామయ్యతో అంది.

"అన్నా, ముందు డాబా మీద తెల్లగా సున్నం కొట్టించు. సగం వేడి పైనుంచే దిగుతుంది. ఆ పడమటి కిటికీకి బయటివైపు గోనెపట్టా కట్టి..."

"తెలుసులే మస్తాన్‌బీ. సున్నాలూ గోనెలూ నువ్వు కట్టుకో. నేను కూలర్ తెస్తున్నా."

"కూలర్ మంచిదే అన్నా. కాకపోతే కిటికీ..."

"తెలుసులే!" అంటూ ఆయన అప్పటికే చెప్పులేసుకుని బజారుకు బయలుదేరాడు.

బీరువా అంత కూలర్ వచ్చింది. చెంచురామయ్య దాన్ని గది మధ్యలో పెట్టించాడు. కిటికీలు రెండూ బిగించాడు. సందుల్లో కాగితాలు కుక్కాడు. తలుపు కింద పాత దుప్పటి దోపాడు.

"అన్నీ మూసేస్తే ఊపిరాడుతుందా?" అంది కోటమ్మ.

"బాలింతకు గాలి తగలకూడదని చెప్పింది ఎవరే? నువ్వే కదా?"

 కూతురి చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టింది కోటమ్మే మరి. ఆమె మాట ఆమెకే తగిలించాడు.

మొదటి గంట గది చల్లగానే ఉంది. చెంచురామయ్య మీసం దువ్వుకున్నాడు. సాయంత్రానికి గోడలు చెమర్చాయి. మర్నాటికి దుప్పట్లు తడితడిగా అయ్యాయి. తడిగాలికి బయటికి పోయే దారేది? ఉన్న గాలినే ఆ యంత్రం తడిపి మళ్ళీ మళ్ళీ తిప్పుతోంది. "అమ్మా, ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టుంది" అని ప్రసూన ఏడుపు మొహం పెట్టింది. మూడో రోజుకు పిల్ల మెడ మీదా వీపు మీదా చెమటకాయలు ఎర్రగా లేచాయి.

కోటమ్మ పోరు పడలేక చెంచురామయ్య కూలర్ కొట్టుకు ఫోన్ చేశాడు. "కిటికీ తెరవాలండీ. కూలర్‌కైతే..." అని అటువైపు మనిషి మొదలుపెట్టాడు. "తెలుసులే" అని ఈయన ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, అసలు ఆ యంత్రమే మంచిది కాదని తేల్చాడు. కూలర్ వరండాలోకి పోయింది. ఇంట్లోకి ఏసీ వచ్చింది.

ఏసీ బిగించే ఫిట్టరు గది కొలత చూసి, "ఇంత చిన్న గదికి ఒక టన్ను చాలండి, మీరు రెండు టన్నులది..." అన్నాడు. తెలుసులే. "బయట పెట్టే పెట్టె వేడిగాలి వదుల్తుందండీ, దాన్ని..." అన్నాడు. తెలుసులే. ఆ పెట్టెను తీసుకెళ్ళి సరిగ్గా వంటింటి కిటికీ పక్కనే పెట్టించాడు. ఇక వేడిగాలంతా కోటమ్మ మొహానే. మునిగిపోతుంటే తాడు విసిరినా తెలుసులే అని తోసేసే మనిషిని ఏం చేస్తాం! ఫిట్టరు కూడా విసిగి, నిచ్చెన భుజానేసుకుని చక్కా పోయాడు.

అప్పుడు చెంచురామయ్య రిమోట్ పట్టుకుని పదహారు దాకా నొక్కాడు. ఆ తర్వాత కిటికీలు రెండూ బార్లా తెరిచాడు.

"ఏవండీ, ఇదేంటి?"

"మొన్న మూసి తప్పు చేశా. యంత్రం పెడితే కిటికీ తెరవాలి. కొట్టువాడే చెప్పాడు."

"ఆయన చెప్పింది కూలర్‌కేమోనండీ! ఏసీకి..."

"తెలుసులేవే."

కోటమ్మకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ కూడా కాలుతోంది. ఆయన చూడకుండా వెళ్ళి ఒకసారి కిటికీలు మూసింది. ఆయన చూసి మళ్ళీ తెరిచాడు. మూడుసార్లు ఇదే తంతు. చివరికి ఆయన కుర్చీ వేసుకుని కిటికీ దగ్గరే కూర్చున్నాడు.

శుక్రవారం వచ్చింది. ఇక రెండు రోజుల్లో సీతారావమ్మ వస్తుంది. ఆ రోజు వడగాలి ఈడ్చి కొట్టింది. గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతుంటే, ఏసీ ఊరినంతా చల్లబరచాలన్నట్టు పొద్దున్నుంచీ ఆగకుండా మొత్తుకుంది. మధ్యాహ్నం మూడింటికి ఠప్పుమని మెయిన్ స్విచ్చి పడిపోయి ఇంట్లో కరెంటు పోయింది. చెంచురామయ్య స్విచ్చి పైకెత్తాడు. మళ్ళీ పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు. ఫ్యాన్ కూడా లేదు.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. పాలు పట్టబోతే నోరు తెరవలేదు. మొహం ఎర్రగా కందిపోయి, చేతులు వేలాడేసి ఉంది.

"అమ్మా! ఒళ్ళు కాలిపోతోందమ్మా!" అని ప్రసూన కేక పెట్టింది.

కోటమ్మ ఇంకెవర్నీ అడగలేదు. తడిపిన పంచె పిల్లకు కప్పి ఎత్తుకుంది. కూతురి చెయ్యి పట్టుకుంది. మండే వీధిని నాలుగు అంగల్లో దాటి మస్తాన్‌బీ ఇంట్లోకి పరిగెత్తింది.

లోపల చల్లగా ఉంది. కిటికీలో పాత కూలర్ ఒకటి, ఎదురు కిటికీ జానెడు తెరిచి, పైన మెల్లగా తిరిగే ఫ్యాను. అంతే. మస్తాన్‌బీ మిషను మీది బట్టలు పక్కకు తోసి పిల్లకు పక్క వేసింది. వీధి చివర ఉండే నర్సు కరుణమ్మను పిలిపించింది. ఆమె వచ్చి చూసి, జుబ్బా విప్పించి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది.

"ఇది జ్వరం కాదమ్మా, ఆ గది వేడే. ఇంకో గంట అక్కడే ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. పాలు పడుతూ ఉండండి. సాయంత్రం ఒకసారి డాక్టరుకు కూడా చూపిద్దాం."

అరగంటకు పిల్ల కళ్ళు తెరిచింది. పాలు తాగింది. అది గుటకలు వేస్తున్న చప్పుడు వింటూ కోటమ్మ గోడకు ఆనుకుని భోరున ఏడ్చింది. భయం తీరాక కోపం వచ్చింది. ముప్పై రెండేళ్ళ కోపం ఒక్కసారే వచ్చింది.

సాయంత్రం డాక్టరు పిల్లను చూసి గండం తప్పిందన్నాడు. వాళ్ళు ఇంటికి పోకుండా తిరిగి మస్తాన్‌బీ ఇంటికే వచ్చారు. చెంచురామయ్య ఎదురింటి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

"పదండి. కరెంటు బాగుచేశా."

"రాను" అంది కోటమ్మ.

ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు.

"ఈ ముక్క తెలుసులే అనకుండా వినండి. మీరు లోపలికొచ్చి కూర్చోవాలి. మస్తాన్‌బీ చెప్పేది ఆఖరి మాట దాకా వినాలి. విన్నది నాకు అప్పజెప్పాలి. అప్పటిదాకా పిల్ల మన గడప తొక్కదు. ఆదివారం వదినగారు వస్తే నేనే దగ్గరుండి కారెక్కిస్తా."

చెంచురామయ్య ఒంటికాలి మీద లేవబోయాడు. ఇంతలో మనవరాలి మెడ మీది ఎర్రటి పొక్కులు కంటపడ్డాయి. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

మస్తాన్‌బీ మిషను తొక్కుతూనే చెప్పింది. "గోనెపట్టా కిటికీకి బయటే కట్టాలి అన్నా. లోపల పరదా వేస్తే..."

"తెలు..." కోటమ్మ చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

"లోపల పరదా వేస్తే ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు కదా. దాన్ని బయటే ఆపాలి. డాబా మీద సున్నం రెండు పూతలు వెయ్యి. కూలర్ అయితే కిటికీలో పెట్టి, ఎదురు కిటికీ జానెడు తెరువు. తడిగాలి బయటికి పోవాలి. ఏసీ అయితే అన్నీ మూసెయ్. పదహారు ఎందుకు, ఇరవయ్యారు మీద పెట్టి పైన ఫ్యాను మెల్లగా తిప్పు. ఆ పెట్టెను వదిన మొహాన్నుంచి తీసి నీడలో పెట్టించు. పొద్దుగూకి బయట చల్లబడ్డాక ఏసీ ఆపి కిటికీలు తెరువు. పొద్దెక్కకముందే మళ్ళీ మూసెయ్. అంతే అన్నా."

ఐదు నిమిషాలు పట్టింది. ఈ ఐదు నిమిషాలు ఆ జుబ్బాలు తెచ్చిన రోజే కూర్చుని ఉంటే ఇంత రభస ఉండేదా?

"ఇప్పుడు అప్పజెప్పండి" అంది కోటమ్మ.

"కూలర్‌కి మూసి, ఏసీకి తెరిచి..."

"మళ్ళీ చెప్పండి."

రెండోసారి కూడా తప్పాడు. మూడోసారికి అన్నీ వరసగా వచ్చాయి. ప్రసూన అంత నీరసంలోనూ నవ్వింది. చెంచురామయ్య మొహం తుడుచుకుని, జీవితంలో మొదటిసారి ఒకరిని ప్రశ్న అడిగాడు.

"ఇవన్నీ నీకెట్లా తెలిశాయి మస్తాన్‌బీ?"

"ఒకళ్ళు చెప్పారు అన్నా. నేను విన్నా."

ఆ రెండు రాత్రులూ తల్లీ పిల్లా మస్తాన్‌బీ ఇంట్లోనే ఉన్నారు. శనివారం తెల్లవారకముందే చెంచురామయ్య సున్నం బక్కెట్టు పట్టుకుని డాబా ఎక్కాడు. రెండు పూతలూ తనే వేశాడు. కిటికీకి బయట గోనెపట్టాలు కట్టాడు. ఫిట్టరును పిలిపించి, ఏసీ పెట్టెను తూర్పు గోడ నీడకు మార్పించాడు. ఫిట్టరు చెబుతుంటే చేతులు కట్టుకుని విన్నాడు. "ఆ తర్వాత?" అని కూడా అడిగాడు. ఫిట్టరుకు ఈ మనిషికేదో అయిందని భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే గది చల్లగా ఉందని చూసుకున్నాకే కోటమ్మ పిల్లను ఇంటికి తెచ్చింది. మధ్యాహ్నం సీతారావమ్మ కారు దిగింది. తల్లీపిల్లల బట్టలు సర్దుకుపోవడానికి ఖాళీ పెట్టె కూడా తెచ్చుకుంది. అది చూసి కోటమ్మ గుండె జారిపోయింది. వియ్యపురాలు విసవిసా పడమటి గదిలోకి వెళ్ళింది. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లటి నీడగా ఉంది. ఏసీ నడుస్తున్నట్టే వినపడటం లేదు. పిల్ల నిద్రపోతోంది. మెడ మీది చెమటకాయలు మాడిపోయాయి. శుక్రవారం పిల్లకు జరిగింది కోటమ్మ దాచకుండా చెప్పింది. సీతారావమ్మ మనవరాలి ఒళ్ళంతా తడిమి చూసుకుంది. ఒక్క నిమిషం నడుం వాలుస్తానని పక్కనే పడుకుని, టీ వేళ దాకా లేవలేదు.

"ఇంత హాయి మా చీరాలలో కూడా లేదు వదినగారూ. మూడో నెల దాకా ఇక్కడే ఉండనివ్వండి" అంది లేచి.

కోటమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కారెక్కే ముందు సీతారావమ్మ ఆగింది. "మా ఇంట్లోనూ ఏసీ ఉంది, గది మాత్రం కొలిమే. మీరెట్లా చల్లబరిచారు అన్నయ్యగారూ?"

చెంచురామయ్య మొహం వెలిగిపోయింది. గొంతు సవరించుకున్నాడు.

"ముందు డాబా మీద సున్నం రెండు పూతలు వెయ్యాలమ్మా. ఆ తర్వాత కిటికీకి బయట..."

"ఆఁ, తెలుసులెండి అన్నయ్యగారూ" అని సీతారావమ్మ కారు తలుపు వేసుకుంది.

కారు వెళ్ళిపోయింది. చెంచురామయ్య తెరిచిన నోరు అట్లాగే ఉంది. చెప్పాల్సిన సగం గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళూ నీకు ఇట్లాగే ఉండేదా కోటమ్మా?"

కోటమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన అరుగు మీద కూర్చుని, ఆమె ఆపేదాకా విన్నాడు.

నీతి: సగం మాట విని లేచిపోయేవాడికి ఎంత గొప్ప యంత్రమూ మేలు చెయ్యలేదు. మనకెంత తెలిసినా సరే, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినాలి.