కడగని ద్రాక్ష

సిద్ధలింగస్వామి ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒకనాటి సాయంత్రం శిష్యుడు చిదానందం, "స్వామీ, మంచిదని తెలిసిన దారిలో నడిచే మనిషికి తోడెందుకు దొరకదు?" అని అడిగాడు. ఇంటివాళ్ళను కాదని మఠానికి వచ్చినవాడతడు. అప్పటినుంచి అతణ్ణి చూడటానికి ఎవరూ రాలేదు. స్వామి మడకశిర వైపు తామెరిగిన ఒక ద్రాక్షతోట సంగతి చెప్పారు.

ఆ తోట తిప్పమ్మ అనే ఆమె మామగారు వేసింది. రాతిస్తంభాలు నాటి, తీగలు లాగి, తోటంతటికీ ఒకటే పందిరి కట్టాడాయన. ఆయన పోయాక కొడుకులిద్దరూ నేల పంచుకున్నారు గాని పందిరిని పంచుకోలేదు. పురుగుమందు కొట్టడం ఆ కొడుకుల కాలంలోనే మొదలైంది. పెద్దకొడుకు పోయాక అతని భార్య తిప్పమ్మ కూడా మూతికి గుడ్డ కట్టుకుని మందు కొడుతూ వచ్చింది. ఒకరోజు కూతురి వెంట వచ్చిన మనవరాలు గుత్తి తెంపి నోటిదాకా తీసుకుపోయింది. తిప్పమ్మ పరుగున పోయి ఆ చేతిమీద కొట్టింది. బిడ్డ ఏడవలేదు. అవ్వ ముఖం చూసి బెదిరిపోయింది.

మరునాటినుంచి తిప్పమ్మ మందు మానేసింది. పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు తీగల మొదట్లో పోసింది. మరిది మల్లేశు వచ్చి, "వదినా, నీ తోటలో బూజు పుడితే నా తోటకు రాకుండా ఆగుతుందా?" అన్నాడు.

"ఆగదు. కానీ ఆ పండు ఇంక నేను పండించలేను."

అతడు తగవాడలేదు. పందిరిని నడిమికి కోయించి, బండి పట్టేంత ఖాళీ వదిలాడు. ఆ ఏడు ఆమె గుత్తులన్నీ బూజు పాలయ్యాయి. కూలికి వచ్చేవాళ్ళు మల్లేశు వైపే ఆగిపోయారు. పిల్ల భయపడుతోందని కూతురు రావడం తగ్గించింది. తిప్పమ్మ ఒక్కతే కొమ్మలు కత్తిరించింది, ఒక్కతే తీగలు కట్టింది. ఆవుతో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులుండేవని తర్వాత స్వామితో చెప్పిందట.

కొన్నేళ్ళకు తోట తేరుకుంది. స్వామి ఆ పందిరి కింద కూర్చుని ఉండగా, ఒక మధ్యాహ్నం మల్లేశు వచ్చాడు. వదిన ఇచ్చిన గుత్తి అందుకుని అలవాటు కొద్దీ నీళ్ళతొట్టి వైపు నడిచాడు.

"కడగొద్దులే మల్లేశూ," అందామె.

అతడు ఒక పండు నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. "నాయన తోటలో ఇట్లానే ఉండేది," అన్నాడు.

"అయితే నువ్వూ మానెయ్యి."

"నాకు చేతకాదు వదినా. ఆ ఏడు నువ్వెట్లుండినావో నేను చూసినాను."

మిగిలిన గుత్తిని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తెల్లవారి అతని తోటలో మందు యంత్రం మోగింది. తిప్పమ్మ చేస్తున్న పని ఆపి విన్నది. మళ్ళీ పనిలో పడింది.

"చివరికి ఆమెకు తోడు దొరికిందా స్వామీ?" అని అడిగాడు చిదానందం.

"దొరకలేదు," అన్నారు స్వామి. "అయితే, మల్లేశు ఆ గుత్తి చుట్టుకుపోయిన నాటిదాకా ఆ రెండు తోటల్లో ఒంటరి మనిషి ఒక్కరే అనుకునేవాణ్ణి."