నూకాలమ్మ వాకిట్లో పెంగ్విన్ పండగ

తాటిగుమ్మిలో తెలివైన ఇల్లు ఏదని మీరు ఎవర్నీ అడగనక్కర్లేదు. గవరయ్య ఇంటి ముందు నుంచి ఒక్కసారి నడవండి చాలు, వాళ్ళే పిలిచి కూర్చోబెట్టి చెప్పేస్తారు. "ఈ ఊళ్ళో బుర్ర ఉన్నది మా ఇంటికేనండీ" అంటాడు గవరయ్య. "బుర్ర ఒక్కటే ఏటి, దాన్లో గుజ్జు కూడా ఉంది" అంటాడు తమ్ముడు అప్పలకొండ. "ఆ గుజ్జంతా నేను పెట్టిన తిండే" అంటుంది గవరయ్య పెళ్ళాం నూకాలమ్మ.

కొండ మీద ఊరు కదా, మార్గశిరం వచ్చిందంటే చలి కొరికేస్తుంది. ఆ ఏడాది గోడ గడియారం టకటకా వణుకుతోందని దానికి స్వెట్టరు తొడిగారు. మరి టైమెలా తెలుస్తుందంటారా? వాళ్ళకి మీపాటి బుర్ర లేదనుకున్నారా? పక్కింటికెళ్ళి అడిగొస్తారు. పైగా, పాపం పక్కింటి గడియారానికి ఒంటి మీద గుడ్డ కూడా లేదని జాలి పడతారు.

ఆ ఇంట్లో పిల్లల్లేరు. నూకాలమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తదు. అయితే కిందటి వానాకాలంలో పట్నం నుంచి వసుంధర అనే మేడమ్ జీపులో వచ్చి, పిల్లల బొమ్మల పుస్తకాలున్న పెట్టె ఒకటి వాళ్ళింట్లో పెట్టి వెళ్ళింది. అప్పట్నించీ సాయంత్రమయ్యేసరికి అరుగు నిండా పిల్లలు. నూకాలమ్మకి చదువు రాదు, పేజీలు తిప్పుతుంటే పిల్లల మొహాలు చూసుకునేది, అంతే. ఆ గోల లేకపోతే ఆవిడకి అన్నం దిగేది కాదు.

చలి ముదిరింది. పిల్లలు కుంపట్ల దగ్గర్నించి కదలడం మానేశారు. మేడమ్ వచ్చింది, ఖాళీ అరుగు చూసింది.

"చలికాలంలో ఊరికే రమ్మంటే రారమ్మా" అంది. "ఒక్కో పుస్తకానికీ ఒక్కో వింత పండగ జతచెయ్యండి. దుప్పటి పుస్తకానికి దుప్పటి పండగ, పెంగ్విన్ పుస్తకానికి పెంగ్విన్ పండగ, ఎలుగుబంటి పుస్తకానికి నిద్ర పండగ. పుస్తకంలో ఎలా ఉంటే అలా చెయ్యండి, పిల్లలు వాళ్ళే పరిగెత్తుకొస్తారు. వచ్చే ఆదివారం వస్తాను. పిల్లలు చదువుతూ కనబడితే పెట్టె మీ దగ్గరే. లేకపోతే పక్కూరికి పంపించెయ్యాల్సిందే."

జీపు వెళ్ళిపోయింది. నూకాలమ్మ పెట్టె మీద చెయ్యేసి కూర్చుంది. "ఏవయ్యా, ఇది పోతే నేనేటి చేసేది?" అంది.

"పుస్తకంలో ఎలా ఉంటే అలా చెయ్యమంది కదే. అంతకంటే తేలికేముంది?" అన్నాడు గవరయ్య. అప్పలకొండ కూడబలుక్కుని చదవగలడు, గవరయ్య భావం చెప్పగలడు. ఇంకేముంది, పండగలు మొదలు.

మొదట దుప్పటి పుస్తకం. దాన్లో ఊరు ఊరంతా ఒకే దుప్పటి కింద ముడుచుకుని కథలు చెప్పుకుంటూ ఉంటుంది.

"ఊరికి సరిపడే దుప్పటి ఏ కొట్లో దొరుకుతుందిరా?" అన్నాడు గవరయ్య.

"కొనడమెందుకన్నయ్యా, ముక్కలు ముక్కలుగా ఊళ్ళోనే ఉంది. కలిపి కుట్టేస్తే సరి" అన్నాడు అప్పలకొండ. ఆ తెలివికి గవరయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు.

ఇంటింటికీ తిరిగారు, పిల్లల పండగ అని చెప్పి దుప్పట్లన్నీ పోగేశారు. గోనెలు కుట్టే దబ్బనం తెచ్చి, పురికొసతో గట్టిగా, మళ్ళీ జన్మలో ఊడకుండా కుట్టేశారు. వాకిలి నిండిపోయింది. పిల్లలు దాని కిందికి దూరి కేరింతలు కొట్టారు. నూకాలమ్మ మురిసిపోయింది.

పొద్దు వాలింది, చలి మొదలైంది. పోలయ్య అనే ఆసామి వచ్చి "నా దుప్పటి ఇచ్చెయ్యండి, పడుకోవాలి" అన్నాడు.

"నీది నువ్వు పట్టుకెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు గవరయ్య.

పోలయ్య తన మూల పట్టుకుని లాగాడు. దాని వెంట ఊరందరి దుప్పట్లూ బయల్దేరాయి, వాటి మీద కూర్చున్న ముసలమ్మతో సహా. అవతలి మూల ఇంకొకడు లాగాడు, పోలయ్య వెనక్కి వచ్చాడు. విప్పుదామంటే ముడి ఎక్కడ వేశాడో అప్పలకొండకి గుర్తు లేదు. ఏం చేస్తారు? ఊరంతా పిల్లాపాపలతో వచ్చి గవరయ్య వాకిట్లో ఆ దుప్పటి కిందే పడుకుంది. ఈ చివర ఒకడు ఒత్తిగిలితే ఆ చివర పదిమందికి కాళ్ళు బయటపడేవి. "తిరిగేవాడు చెప్పి తిరగండర్రా" అని అరుచుకుంటూ తెల్లార్చారు.

"చూశావా, పుస్తకంలో ఉన్నట్టే ఊరంతా ఒకే దుప్పటి కింద" అన్నాడు గవరయ్య గర్వంగా.

మర్నాడు పెంగ్విన్ పుస్తకం తెరిచారు. ఊరంతా వాకిట్లోనే ఉంది కనక పిలవాల్సిన పని కూడా లేదు. అప్పలకొండ చదివాడు. "చలికాలంలో నాన్న పెంగ్విన్ గుడ్డుని పాదాల మీద పెట్టుకుని పొదుగుతుంది. కదలదు, మెదలదు, మాట్లాడదు."

అంతే. ఊళ్ళో కోళ్ళ గుడ్లన్నీ వచ్చేశాయి. నాన్నలందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి పాదాల మీద ఒక్కో గుడ్డు పెట్టారు.

"పండగ పిల్లలకి కదా, మధ్యలో నేనెందుకు?" అన్నాడు పోలయ్య.

"పుస్తకంలో నాన్న అని ఉంది. నువ్వు నాన్నవి కావా?"

"అవును, అయితే?"

"మరి మాట్లాడకు. నాన్న పెంగ్విన్ మాట్లాడదు."

పోలయ్య నోరు మూసుకుని కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాడు. ముక్కు మీద ఈగ వాలితే పక్కవాడు ఊదాడు.

అప్పలకొండ పేజీ తిప్పాడు. "అమ్మ పెంగ్విన్ చేపల కోసం సముద్రానికి వెళ్తుంది. చాలా రోజులకి తిరిగొస్తుంది."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెళ్ళయిన దగ్గర్నించీ పొయ్యి ముందు నుంచి లేచిందెప్పుడు? "పుస్తకంలో ఉంటే తప్పుతుందా అక్కా" అంది ఒకావిడ, అప్పటికే జడ వేసుకుంటూ. ఇంకేముంది, తలా ఒక బుట్ట చేత్తో పట్టుకుని అమ్మలందరూ విశాఖపట్నం బస్సెక్కేశారు. నాన్నలు కళ్ళు తిప్పి చూశారు గానీ కాళ్ళు కదిపితే గుడ్డు పగులుతుంది. అరుద్దామంటే పెంగ్విన్ మాట్లాడదు.

"నువ్వెళ్ళవా వదినా?" అన్నాడు అప్పలకొండ.

"నేను అమ్మని కాను కదా" అంది నూకాలమ్మ మెల్లగా. చెంగుతో పెట్టె మీద దుమ్ము తుడుస్తూ అక్కడే ఉండిపోయింది.

ఆదివారం తెల్లారింది. అమ్మలింకా సముద్రం దగ్గరే. నాన్నలింకా గుడ్ల మీదే. పిల్లలు ఆకలని ఏడుపు లంకించుకున్నారు. పుస్తకం ఒక్కడూ ముట్టడం లేదు. మేడమ్ వచ్చే రోజు. నూకాలమ్మ పెట్టె దగ్గర్నించి వాకిట్లోకీ, వాకిట్లోంచి పెట్టె దగ్గరికీ తిరుగుతోంది.

"కంగారెందుకే, ఎలుగుబంటి పుస్తకం ఉందిగా" అన్నాడు గవరయ్య. అప్పలకొండ గబగబా చదివాడు. ఎలుగుబంటి కడుపు నిండా తిని చలికాలమంతా నిద్రపోతుంది. మళ్ళీ చిగుళ్ళు వచ్చాకే లేస్తుంది.

నూకాలమ్మ ఇంట్లో ఉన్న అరటిపళ్ళూ, బెల్లం, మరమరాలూ, వేరుశనగలూ అన్నీ ఊడ్చి పిల్లల ముందు పోసింది. క్షణంలో ఖాళీ. తర్వాత అందర్నీ ఆ మహా దుప్పటి కిందికి తోలి, "ఇంక పడుకోండి నాయనా, ఉగాదికి లేపుతాను" అంది. అప్పటికీ ఒక పిల్ల లేచి, "మరి పరీక్షలో?" అని అడిగింది. "ఎలుగుబంటికి పరీక్షలుండవు" అన్నాడు గవరయ్య. ఆ మాట వినగానే పిల్లలందరూ ఎంతో ఇష్టంగా పడుకున్నారు.

కడుపు నిండిన పిల్లలకి పట్టపగలు నిద్రెలా పడుతుందండీ? కాసేపటికి దుప్పటి అడుగు నుంచి ఒక చెయ్యి వచ్చి టార్చిలైటు పట్టుకుపోయింది. మళ్ళీ వచ్చి పెట్టెలోంచి ఒక పుస్తకం పట్టుకుపోయింది. మళ్ళీ వచ్చింది. మనవాళ్ళు అటు చూస్తేనా? మేడమ్‌కి ఇడ్లీలు పెట్టాలని నూకాలమ్మ గంగాళం నిండా రుబ్బి ఉంచిన పిండిని అన్నదమ్ములిద్దరూ వేలితో నాకి రుచి చూస్తున్నారు.

జీపు రొప్పుకుంటూ ఘాట్ రోడ్డెక్కి వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవరు టీ నీళ్ళ కోసం వీధి చివరికి పోయాడు. మేడమ్ దిగి, వరసగా బిగుసుకుపోయి నిలబడ్డ మగాళ్ళని చూసింది.

"వీళ్ళెవరు?"

"నాన్నలండి."

"ఏం చేస్తున్నారు?"

"పొదుగుతున్నారండి."

మేడమ్ ఇంకేమీ అడగదలుచుకోలేదు. "పిల్లలేరి?" అంది.

"నిద్రలో ఉన్నారు మేడమ్. ఉగాది వెళ్ళాక రండి, అప్పటికి లేస్తారు" అన్నాడు గవరయ్య.

నూకాలమ్మ ఇంక పెట్టె పోయినట్టేననుకుంది. మేడమ్ వెళ్ళి దుప్పటి అంచు ఎత్తి చూసింది. లోపల టార్చిలైటు వెలుతురు. ఊళ్ళో పిల్లలందరూ గుంపులు గుంపులుగా బోర్లా పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకి బొమ్మలు చూపిస్తున్నారు. "తలుపు ముయ్యండి, చలేస్తోంది" అన్నారెవరో విసుగ్గా.

మేడమ్‌కి కళ్ళు చెమర్చాయి. "ఎన్ని ఊళ్ళు తిరిగాను, ఇలాంటి పండగ ఎక్కడా చూడలేదమ్మా. ఈ పెట్టె మీదే. ఇంక దీన్నెవరూ అడగరు" అంది. నూకాలమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. మేడమ్ సంచీలోంచి ఒక కొత్త పుస్తకం తీసి, "దీనికి కూడా పండగ చెయ్యండి" అని ఇచ్చి, తనూ దుప్పటి కింద దూరింది.

ఇక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆగితే వాళ్ళు గవరయ్య వాళ్ళెందుకవుతారు?

ముగ్గురూ కొత్త పుస్తకం తిప్పారు. దాన్లో ఒక చుట్టం బండిలో వస్తుంది. బండి మీద తెల్లగా మంచు కురుస్తుంది. చుట్టం వెళ్ళలేక ఆ ఇంట్లోనే సుఖంగా ఉండిపోతుంది.

"పుస్తకంలో ఎలా ఉంటే అలా చెయ్యాలి" అన్నాడు అప్పలకొండ.

"మంచు కావాలి, తెల్లగా ఉండాలి" అన్నాడు గవరయ్య. ముగ్గురూ పిండి గంగాళం వైపు చూశారు.

అంతే. అన్నదమ్ములిద్దరూ ఎత్తి జీపు మీద కుమ్మరించారు. ముందు భాగం ఘాట్ ఎక్కిన వేడి మీదుందేమో, చుయ్యిమంది. పొగ లేచింది. కమ్మటి వాసన వేసింది.

నూకాలమ్మ అలవాటుకొద్దీ అట్లకాడ తెచ్చి అంచు ఎత్తి చూసింది. "అడుగు కాలింది, పైన పచ్చిగా ఉంది. తిరగెయ్యకపోతే మాడిపోద్ది" అంది. గీకింది, రాలేదు. "నూనె రాయకుండా పోసేశారు కదయ్యా, అంటుకుపోయింది."

గవరయ్య గడ్డం గోక్కున్నాడు. "అట్టు తిరగకపోతే పెనాన్నే తిప్పాలి" అన్నాడు.

ఇంత తెలివైన మాట ఆ ఇంట్లో అంతవరకూ పుట్టలేదు. నాన్నలందర్నీ కేకేశారు. ఎప్పుడు కదలమంటారా అని చూస్తున్నారేమో, గుడ్లు పటపటా పగలగొట్టుకుంటూ వచ్చి జీపుకి భుజాలు ఆన్చారు. ఒక్క తోపు. జీపు వెల్లకిలా పడి నాలుగు చక్రాలూ ఆకాశానికెత్తింది.

మేడమ్ బయటికొచ్చింది. జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. అప్పుడంది. "పెట్టె లేదు, గిట్టె లేదు. ఇప్పుడే తీసుకెళ్ళిపోతాను. జీపులో పెట్టండి."

నూకాలమ్మ మొహం పాలిపోయింది. పెద్దమనిషి మాట, కాదనకూడదు. పిల్లలు చెంగు పట్టుకుని లాగుతున్నా, పుస్తకాలన్నీ సర్ది, పెట్టె తనే మోసుకెళ్ళి, తలకిందులైన జీపులో జాగ్రత్తగా పెట్టి తలుపేసింది.

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. ఎవరినైనా సాగనంపితే, బండి కనుమరుగయ్యేదాకా వాకిట్లో నిలబడి చెయ్యి ఊపాలి. మధ్యలో దించితే వెళ్ళేవాళ్ళకి మంచిది కాదు. ముగ్గురూ జీపు ముందు నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టారు. పిల్లలూ ఊపారు. నాన్నలూ ఊపారు.

"ఎవరికి ఊపుతున్నారు?" అంది పక్కనే నిలబడ్డ మేడమ్.

"మీకేనండి. వెళ్ళిపోతున్నారు కదా" అన్నాడు గవరయ్య.

మేడమ్ ఏం చెయ్యాలో తోచక తనూ చెయ్యెత్తి ఊపింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పలకొండకి చెయ్యి పీకుతోంది. "ఏటి వదినా, ఇంకా మలుపు తిరగలేదు?" అన్నాడు.

నూకాలమ్మ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ రెండో చెయ్యి ఊపుతూనే ఉంది. "మేడమ్ మనసు మంచిది మరిదీ. పెట్టె మన దగ్గర్నించి దూరమైపోతుందని బండి మెల్లగా పోనిస్తోంది" అంది.