మూత వదులైన గాలికుండ

మీ తాతల తాతలు పుట్టకముందు కుందనగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. తల్లి లేని ఆ ముగ్గురినీ దాది వేంగమ్మే పెంచింది. పక్కన ఉయ్యాల కట్టుకుని మగ్గం నేసేది. ఎంత ఎదిగినా, చిన్నకొడుకు మణిధరుడికి నిద్ర పట్టకపోతే ఆ మగ్గం టకటకలే గుర్తొచ్చేవి.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పెనుగాలి వచ్చి వేంగమ్మ ఇల్లు కూల్చింది. మగ్గం ముక్కలైంది. దూలం పడి ఆమె కుడిచెయ్యి విరిగింది.

సముద్రపు తాబేలొకటి పాక్కుంటూ వచ్చి, పరుగెత్తుకొచ్చిన రాకుమారులతో చెప్పింది: "అది ఏడు సముద్రాల అవతల కరాళ మాంత్రికుడు కుండలో బంధించిన గాలి. మూత వదులై పారిపోయింది. నా గుడ్లూ దానికే కొట్టుకుపోయాయి."

"వాడి తల తెస్తా!" అన్నాడు పెద్దవాడు.

"తల నాకెందుకు నాయనా? కూర వండుకోనా?" అంది వేంగమ్మ.

"ఖజానా నుంచి డబ్బు ఇప్పిస్తా," అన్నాడు రెండోవాడు.

"చెరిపింది వాడైతే మీ నాన్న ఇవ్వడమేమిటి?"

"మరేం చెయ్యాలమ్మా?" అన్నాడు మణిధరుడు.

"చెరిపినవాడే బాగుచెయ్యాలి."

మణిధరుడు తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని తాబేలు దారిలోనే చెప్పింది. దానిమ్మ తోటలో పంజరం తెరిస్తే ఆ చిలకే, "మెల్లగా పట్టుకో, ఆ గాలంటే నాకూ భయమే," అంటూ చేతిలోకి వచ్చింది.

కరాళుడు పరుగున వచ్చి, మణిధరుడు వేంగమ్మ సంగతి చెప్పగానే గింజుకున్నాడు. "నేను కావాలని చేశానా? గాలి దానంతటదే పోయింది!"

"గాలిని తెచ్చి పెట్టుకున్నదెవరు?"

"నేనే."

"తప్పించుకుంటే ఎవరి కొంపో కూలుతుందని తెలియదా?"

కరాళుడి కూతురు కువలయ ముందుకొచ్చింది. "మూత వదులైందని మూడుసార్లు చెప్పాను నాన్నా. మూడుసార్లూ రేపు చూద్దామన్నావు."

వేంగమ్మ చెయ్యి తలపుకొచ్చి మణిధరుడి వేళ్ళు చిలక మెడ చుట్టూ బిగిశాయి. ఆమె మాటా తలపుకొచ్చింది. వేళ్ళు సడలాయి.

"నువ్వు చస్తే ఆమెకేం ఒరుగుతుంది? పద."

కరాళుడు కుందనగిరికి వచ్చి ఇల్లు కట్టాడు, మగ్గం చేయించాడు. తాబేలుకు గాలి తగలని ఇసుకతిన్నె పోశాడు. వేంగమ్మ చేతికి మాత్రం మూడు మంత్రాలు వేశాడు, మూడు మూలికలు కట్టాడు. నయం కాలేదు. కూలబడి ఏడ్చాడు.

"పోయిన చెయ్యి తేలేవు. అది సంపాదించే తిండీ బట్టా ఆమె బతికినన్నాళ్ళూ నువ్వే ఇవ్వు," అన్నాడు రాజు. కరాళుడు తలవంచి ఒప్పుకున్నాడు.

తండ్రి తప్పైనా దాచకుండా నిజం చెప్పిన కువలయనే మణిధరుడు పెళ్ళాడాడు. పెళ్ళిపీటల దగ్గర వేంగమ్మ ఎడమచేత్తోనే అక్షింతలు వేసింది. పురోహితుడితో సహా ఒక్కరూ తప్పు పట్టలేదు. ఆ దీవెనతో వాళ్ళు నిండు నూరేళ్ళు చల్లగా బతికారు.