నూకరత్నం కుడికాలు

కత్తి పట్టే ముందు, ఏం చేయబోతున్నామో రోగి నోటే చెప్పించుకోవడం డాక్టర్ శశిరేఖ అలవాటు. కాగితం మీద ఎవరు సంతకం పెట్టినా ఆవిడకు చాలదు. దీనివల్ల ఆపరేషన్ థియేటర్లో రోజూ పావుగంట ఆలస్యమవుతోందని శిష్యురాలు డాక్టర్ మంజీరకు విసుగు.

ఆ ఉదయం అడిగేసింది. "మేడమ్, కండలో పుట్టే ఈ కేన్సర్‌కి ఒకప్పుడు కాలు తీసేయడమే దారి. ఇప్పుడు ఐదు వారాలు రేడియేషన్ ఇచ్చి, గడ్డ వరకే కోసి, కాలు నిలబెడుతున్నాం. ఎలా చేసినా మనిషి బతికే కాలం ఇంచుమించు ఒకటేనని తేలింది కదా. ఇక ఈ విచారణంతా ఎందుకు?"

"రా," అంది శశిరేఖ.

లోపల బల్ల మీద, భీమిలిలో చేపలమ్మే నూకరత్నం రొయ్యలా ముడుచుకు కూర్చుని ఉంది. ఆమె వెనక మత్తు డాక్టరు సూదితో సిద్ధంగా ఉన్నాడు. కుడి తొడ మీద, గడ్డకు పైన, నీలం గీత. కాలు తీసేది అక్కడే. భర్త సంతకం నిన్ననే అయింది. పెళ్ళాం ఒంటికి మొగుడే పట్టాదారు కదా! ఆ సంతకం తీసుకున్నది మంజీరే.

"నూకరత్నం, ఇవాళ మేమేం చేస్తున్నాం?"

"గెడ్డ తీసేత్తన్నారు గదమ్మా." వంచిన తల ఎత్తకుండానే నవ్వింది. "పై వారం గంప ఎత్తుకోవచ్చా? నా బేరాలన్నీ మా తోటికోడలు లాగేసుకుంతంది."

సూది ఆగింది. శశిరేఖ మంజీర వైపు తిరిగింది.

"ఈవిడకి తెలీదా?"

"ఆయన చెబుతానన్నాడు మేడమ్. కాలు ఉంచాలంటే ఈవిడ ఐదు వారాలు ఇక్కడుండాలని నేను చెబితే, ఇంట్లో వంటెవరు చేస్తారన్నాడు. బతికే కాలం ఒకటేనని నేను అనగానే, అయితే తీసెయ్యండి అన్నాడు."

నూకరత్నం అప్పుడు తలెత్తింది. "ఏటి తీసెయ్యడం? ఎవలి కాలు?"

శశిరేఖ బల్ల అంచున కూర్చుని రెండు దారులూ చెప్పింది. కాలు ఉంచితే జబ్బు ఆ చోటే మళ్ళీ మొలిచే భయం కాస్త ఎక్కువని కూడా దాచలేదు. నూకరత్నం తొడ మీది గీతను బొటనవేలితో గట్టిగా రుద్దింది. అది చెరగలేదు.

"మల్లీ వత్తే అప్పుడు కొయ్యండి. ఇప్పుడు నాను నడవాల. ఐదు వారాలు కాదు, పది వారాలైనా ఉంటాను. ఆడికి తినడానికి నోరుంది గానీ, వండుకోడానికి సేతుల్లేవేటి?"

మత్తు డాక్టరు సూదిని ట్రేలో పెట్టేశాడు. మంజీర, భర్త సంతకం పెట్టిన కాగితాన్ని సగానికి మడిచి, "ఆయన బయటే ఉన్నాడు మేడమ్. ఏం చెప్పమంటారు?" అంది.

శశిరేఖ మాస్కు విప్పింది. "నిన్న ఆయనతో ఎంతసేపు మాట్లాడావు?"

"అరగంట."

"అయితే ఆయనకి చాలు. స్టూలు లాక్కుని ఈవిడ దగ్గర కూర్చో."