మస్ట్‌కి పాస్ట్

జోగారావు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా చెప్పరు. అది ఆయన అలవాటు. అడిగినవాడికి ఒళ్లు మండటం ఆ అలవాటులో భాగం.

ఆ ఉదయం కండక్టర్ దాలినాయుడికి ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే ఒళ్లు మండుతోంది. వారం కిందట బస్సులో ఒకావిడకి నొప్పులొస్తే, డ్రైవరుకి చెప్పి బస్సు రూటు మార్చి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎందుకు వెళ్లావో ఇంగ్లీషులో రాసిమ్మని పై అధికారి మెమో ఇచ్చాడు. దాలినాయుడు ‘ఐ మస్టెడ్ గో’ అని రాశాడు. ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. సాయంత్రంలోగా సరిగ్గా రాసివ్వకపోతే సస్పెన్షనే అన్నారు. ఆ కాగితం పట్టుకుని మాస్టారింటికి వచ్చాడు.

“ఏటి మాస్టారూ ఈ భాష! గో కి పాస్ట్ ‘వెంట్’ అంట. కట్ కి కట్టేనంట. ‘ఎల్లాలి, సెయ్యాలి’ అనే మస్ట్ కి అసలేటీ లేదంట. ఏ మాటకి పాస్ట్ ఉంటాదో, ఏ మాటకి ఉండదో మాలాటోలికి ఎలాగ తెలుస్తాది?”

మాస్టారు పెరట్లో కారుతున్న కుళాయిని చూసి, లోపలున్న భార్యకి వినపడేలా కేకేశారు.

“కామాక్షీ, ఈ కుళాయి గురించి పోయిన ఉగాదికి నేనేమన్నాను?”

“బాగు చేయించాలి అన్నారు.”

“దసరాకి?”

“బాగు చేయించాలి అన్నారు. ఇవాళా అదే అంటారు, రేపూ అదే అంటారు. బకెట్లు మార్చలేక ఇక్కడ నా నడుం పడిపోతోంది!”

“నిజమే. బాగు చేయించాలి,” అన్నారు మాస్టారు, కూర్చున్న చోటినుంచి కదలకుండా.

దాలినాయుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన ఉద్యోగం పోయేలా ఉంటే ఈయనకి కుళాయి గోలా! విసురుగా లేచి పెరట్లోకి వెళ్లాడు. గూట్లో ఉన్న పానా అందుకుని, నీళ్లు కట్టేసి, కుళాయి విప్పి, అరిగిపోయిన వాషర్ తీసి అవతల పారేశాడు. తెగిన హవాయి చెప్పులోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి, లోపల పెట్టి బిగించాడు. కారడం ఆగింది.

కామాక్షమ్మగారు గుమ్మంలోకి వచ్చి నొచ్చుకున్నారు. “అయ్యో, నీ చేత చేయించారా నాయనా?”

“ఏటి సేస్తానమ్మా! ఈయన లేవరు. నాకే సెయ్యాల్సొచ్చింది.”

“ఆఁ, అదే,” అన్నారు మాస్టారు. “ఆ ‘సెయ్యాల్సొచ్చింది’నే ఇంగ్లీషువాడు హ్యాడ్ టు అంటాడు. రాసుకో.”

దాలినాయుడు తడిచేతులు చొక్కాకి తుడుచుకుని, మస్టెడ్ కొట్టేసి, ‘ఐ హ్యాడ్ టు గో’ అని రాశాడు. పైకి చదివాడు. వారం రోజులుగా తను చెప్పలేక చస్తున్నది ఇదే. ప్రాణం కుదుటపడింది గానీ కోపం మాత్రం దిగలేదు.

“ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదండీ! ఇంతకీ మస్ట్ కి పాస్ట్ ఎందుకు లేదు?”

మాస్టారు పడక్కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలారు.

“కూర్చున్నవాడి దగ్గర దానికి పాస్ట్ ఉండదోయ్.”