బొల్లి పంది, కలిసొచ్చిన మూల

అనగా అనగా, పందుల మాట మనుషులకూ మనుషుల మాట పందులకూ తెలిసిన కాలంలో, రేగడిపాలెం ఊరి చివర ఒక పందుల దొడ్డి ఉండేది. పంది అనగానే ముక్కు మూసుకునే పిల్లలెవరైనా ఉంటే మూసుకోండి నాయనా, చెవులు మాత్రం తెరిచి ఉంచండి. పందికీ కడుపుతీపి ఉంటుంది. ఈ కథ దాని గురించే.

దొడ్డి చూసుకునేది చెంచమ్మ. ఆమె అత్త గురవమ్మ. అత్త మాట ఆ ఇంట్లో వేదం. దొడ్డిలో తూర్పువైపు ఒక మూలకు "కలిసొచ్చిన మూల" అని పేరు. గురవమ్మ అత్తగారి కాలం నుంచీ ప్రతి ఆడపందీ అక్కడే ఈనేది. ఆ మూలకు చీపురు తగలకూడదు, మట్టి గీకకూడదు. పాత గడ్డి మీదే కొత్త గడ్డి పరచాలి. మట్టి కదిలితే అదృష్టం పోతుందని వాళ్ల నమ్మకం.

ఆ మూలలోనే బొల్లి అనే పంది తొమ్మిది పిల్లల్ని ఈనింది. అన్నిటికన్నా చిన్నదానికి చెంచమ్మ బుజ్జిముట్టె అని పేరు పెట్టుకుంది. ఆమె కుడితి కలుపుతుంటే అది వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకుని లాగేది. చెంచమ్మ కసిరేది, కసురుతూనే ఒక గుప్పెడు తవుడు ఎక్కువ వేసేది.

రెండు నెలలు గడిచాయి. పిల్లలు ఎదగలేదు. పొట్టలేమో కుండల్లా ఉబ్బాయి, వీపులేమో ఎండిపోయాయి. తెల్లారితే దగ్గు. ఒకటి పోయింది, తర్వాత మరొకటి. అలా నాలుగు పోయాయి. బొల్లి ఆ నాలుగూ పడుకునే చోటును వాసన చూస్తూ తిరిగేది. మిగిలిన వాటిలో బుజ్జిముట్టె మరీ నీరసించిపోయింది.

"తిండి చాలక అలా ఉంది. ఇంకో దోసెడు తవుడు వెయ్యవే," అంది గురవమ్మ. చెంచమ్మ వేసింది. పొట్ట ఇంకా ఉబ్బింది కానీ ఒళ్లు చెయ్యలేదు.

"అయితే దిష్టి తగిలి ఉంటుంది," అంది గురవమ్మ. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు దొడ్డి దొడ్డంతా దగ్గింది. అందరికన్నా ఎక్కువ దగ్గింది ఎవరనుకున్నారు? బుజ్జిముట్టే. నాకు నవ్వొస్తోంది గానీ, పాపం చెంచమ్మకు ఏడుపొచ్చింది.

మూడోసారి ఆమె పశువుల వైద్యుడు ఓబులయ్యను పిలుచుకొచ్చింది. ఆయన పిల్ల వేసిన పెంటను పుల్లతో కదిపి చూశాడు. "కడుపులో ఏలికపాములున్నాయమ్మా. నువ్వు పెట్టే తిండి పిల్లకు చేరడం లేదు, అవే తినేస్తున్నాయి," అన్నాడు. వాయువిడంగాలనే మందు గింజలు నూరి, బెల్లంలో కలిపి మింగించాడు. మర్నాడు పొడుగాటి తెల్ల పురుగులు బయటపడ్డాయి. బుజ్జిముట్టె లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ చెంచమ్మ కొంగు పట్టుకుంది.

వెళ్లే ముందు ఓబులయ్య అడిగాడు. "ఇవి పుట్టిన చోటు శుభ్రమేనా అమ్మా?"

చెంచమ్మ అత్త వైపు చూసింది. అత్త గుడ్లురిమి చూసింది.

"శుభ్రమే అయ్యా," అంది చెంచమ్మ తల దించుకుని. అత్తంటే భయం, అందుకని అబద్ధమాడింది. మనలో ఎవరం ఆడలేదు గనక?

మూడు నెలలు తిరిగాయి. బుజ్జిముట్టె పొట్ట మళ్లీ ఉబ్బింది. ఈడొచ్చిన పంది, ఇంకా ఒళ్లో పట్టేంతే ఉంది. ఈసారి తొట్టి దగ్గరికి కూడా లేవలేకపోయింది. బొల్లి అప్పటికి మళ్లీ చూలుతో ఉంది. ఇంకో పదిహేను రోజుల్లో ఈనుతుంది.

ఆ సాయంత్రం బొల్లి వచ్చి చెంచమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

"అమ్మా, నాకొక్క మాట నిజం చెప్పు. నా పాలే విషమా? అయితే రాబోయే పిల్లలకు నేను పాలివ్వను. ఆకలితో పోయినా, నా వల్ల పోలేదన్న తృప్తైనా మిగులుతుంది."

ఆ మాట విని చెంచమ్మ గుండె చెరువైంది. ఉన్నపళంగా వెళ్లి ఓబులయ్యను వెంటబెట్టుకొచ్చింది. అత్త ఎదుటే నిలబడి చెప్పింది. "అయ్యా, ఆ రోజు మీతో అబద్ధమాడాను. ఇవి పుట్టింది ఈ మూలలో. నేను కాపురానికొచ్చి పదహారేళ్లు. ఒక్కనాడూ దీన్ని ఊడ్చి ఎరగను."

ఓబులయ్య ఆమెను ఒక్క మాటా అనలేదు. ముందు బొల్లి దగ్గర కూర్చున్నాడు. "నీ పాలకు ఏ దోషమూ లేదు తల్లీ. ఆ పురుగుల గుడ్లు కంటికి కనపడవు. ఏళ్ల తరబడి ఈ మట్టిలోనే ఉన్నాయి. నువ్వు పడుకుంటే నీ పొదుగుకు అంటుకుంటాయి. పిల్ల పాలు తాగబోయి వాటినీ మింగుతుంది. మందు వేసి కడుపు కడిగినా, మళ్లీ ఇక్కడే పొర్లితే మళ్లీ అంతే."

"మా అత్త చూపించిన మూల అది," అంది గురవమ్మ కోపంగా. "ఈతకు నాలుగైదు పిల్లలు ఎప్పుడూ దక్కేవి."

"పుట్టేవి ఎన్ని పెద్దమ్మా?" అని మెల్లగా అడిగాడు ఓబులయ్య.

గురవమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. తొమ్మిదీ, పదీ, ఒకసారి పదకొండు. ఒక్కో ఈతా గుర్తొచ్చింది. ముసలామె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"దక్కినవాటిని చూసి ఈ మూల చలవే అని మురిశాను. పోయినవి ఈ మూల వల్లే పోయాయని ఒక్కనాడూ అనుకోలేదు. ఎన్నిటిని పొట్టన పెట్టుకున్నానో," అని కళ్లు ఒత్తుకుంది.

తర్వాత లేచి, కోడలు వద్దన్నా వినకుండా, పార తనే అందుకుంది. మూల మట్టంతా తవ్వి దూరంగా గోతిలో పూడ్చి, సున్నం చల్లించింది. ఎండ బాగా తగిలే మెరక మీద కొత్త పాక వేయించింది. బుజ్జిముట్టెకు మళ్లీ మందు పడింది. బొల్లికీ ముందుగానే మందు పడింది. ఈనే ముందు రోజు గురవమ్మ దానికి కుంకుడు రసంతో పొదుగు కూడా తోమి తలంటు పోసింది. కోడలికి కూడా అంత ఓపికగా పోసి ఉండదు.

కొత్త పాకలో బొల్లి పది పిల్లల్ని ఈనింది. కానీ పొదుగు నేలకు అదిమిపెట్టి పడుకుంది. పది పిల్లలూ ముట్టెలతో పొడుస్తున్నా పక్కకు తిరగలేదు.

గురవమ్మ వేణ్నీళ్లలో గుడ్డ తడిపి, దాని పొదుగు మళ్లీ ఒకసారి తుడిచింది. "తిరుగు తల్లీ. నీ పాలు అమృతమే. తప్పు నీది కాదు, నాది," అంది.

బొల్లి ఆమె ముఖంలోకి చూసి, నెమ్మదిగా పక్కకు తిరిగింది. పదీ ఒక్కసారిగా పాలకు ఎగబడ్డాయి.

ఆ పదీ దక్కాయి. రోజూ పొద్దున్నే పెంట ఎత్తి, పాక ఊడ్చే పని గురవమ్మే పెట్టుకుంది. ఆమె వెనకాలే, ఇప్పుడు దిట్టంగా పెరిగిన బుజ్జిముట్టె, చీపురు పట్టుకుని లాగుతూ తిరిగేది.

కాబట్టి పిల్లలూ, పెద్దలిచ్చిన అలవాటైనా సరే, దాని వల్ల దక్కినవాటినే కాదు, పోయినవాటినీ తలుచుకుని చూసినవాడే తనను నమ్ముకున్న ప్రాణాన్ని కాపాడగలడు.